పాత వెండి రూపాయలు: కొనే ధర వేరు, అమ్మే ధర వేరు

వెండి ధర పెరిగినప్పుడల్లా పాత రూపాయలు పెట్టెల్లోంచి బయటికి వస్తాయి. విక్టోరియా రాణి, జార్జి బొమ్మల రూపాయలు కొని, కొన్నాళ్లు దాచి, హెచ్చు ధరకు అమ్ముదామనుకునేవారూ అప్పుడే బజారుకు వస్తారు. వీరిలో పలువురు నష్టపోయే తీరు ఒక్కటే. నాణెంగా కొంటారు, వెండిగా అమ్ముతారు.

బ్రిటిష్ హయాం నాటి రూపాయి 11.66 గ్రాములు, అంటే ఒక తులం. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. మేలిమి 10.69 గ్రాములు. లెక్క సులువు కోసం గ్రాము 100 రూపాయలనుకుంటే వెండి విలువ 1,069 రూపాయలు. పాత నాణెమని అమ్మకందారు 1,500 అడిగాడనుకుందాం. మర్నాడే వెండి కొట్టుకు తీసుకెళితే, తరుగు పోను 1,040 రావచ్చు. పెట్టుబడి దక్కాలంటేనే వెండి 44 శాతం పెరగాలి. వడ్డీ సంగతి సరేసరి.

1940 నుంచి వచ్చిన రూపాయలతో మరీ చిక్కు. యుద్ధకాలంలో ప్రభుత్వం వెండిని సగానికి తగ్గించింది. తూకం పాతదే, మేలిమి 5.83 గ్రాములే. నిజాం హాలీ సిక్కాలో, అదీ వెండి తగ్గించక ముందు నాటిదైతే, 81.8 శాతం. అన్నీ కలిపి కాటాకు కొన్నవారికి ఇవి తర్వాత గుర్తుకొస్తాయి.

నాణేలు సేకరించేవారు వయసు చూసి డబ్బివ్వరు. 1862 అచ్చుతోనే 1874 దాకా రూపాయలు కొట్టినందున అవి కావలసినన్ని దొరుకుతాయి. 1911 రూపాయిలో రాజు దుస్తులపై ఏనుగు పందిలా ఉందని అభ్యంతరాలు రాగా, విడుదల కానివాటిని కరిగించారు. కనుక దానికి గిరాకీ. 1939 రూపాయి మరింత అరుదు; నకిలీలూ ఎక్కువే.

చింతపండుతో తోమిన నాణేనికి, దండ కోసం కొక్కెం అతికించినదానికి వెండి ధరే గతి. ఇళ్లలో ఇలాంటివే ఎక్కువ. అమ్మమ్మలు నగలు చేయించుకున్నారు గాని నాణేలు సేకరించలేదు మరి.

వెండి ధరకు దగ్గరగా కొన్న మామూలు రూపాయి వెండితోపాటే లేస్తుంది, పడుతుంది. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్లకు చేరువైన వెండి మార్చి 27న 11 డాలర్ల స్థాయికి పడింది.

విదేశీ కొనుగోలుదారులపై ఆశ పెట్టేవారూ ఉన్నారు. నూరేళ్లు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడానికి వీల్లేదు.