రాగి వాడికి, బూడిద చెరువుకు

తెల్లవారి మోటరు వేద్దామని చేనుకు పోతే స్టార్టరు పెట్టె నుంచి బోరు మూతి దాకా వుండాల్సిన కేబులు వుండదు. రాత్రికి రాత్రే కత్తిరించుకుని పోయి వుంటారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో బోరును నమ్ముకున్న రైతులు చాలామంది తిన్న దెబ్బే యిది. టమాటా తోట ఒకపక్క వాడుతూ వుంటుంది, కొత్త కేబులుకు మళ్లీ అప్పు. రెండు మూడు రోజులకు గొర్రెలు కాసేవాళ్లు కబురు తెస్తారు, చెరువులో కంపచెట్ల చాటున నల్లగా కాలిన మచ్చ వుందని. ప్లాస్టిక్కు కాల్చేసి, రాగి తీగ గుజిరీ అంగడికి వేసేశారన్నమాట.

పోయిన రాగి ఎంతో అందరికీ లెక్క వుంది. చెరువులో మిగిలిన బూడిదలో ఏముందో చూసినవాళ్లు తక్కువ. మేము రాస్తున్నది దాన్ని గురించే.

కేబులు తొడుగు పి.వి.సి. ప్లాస్టిక్కు. అది సహజంగా గట్టి సరుకు. పైపుకు పనికొస్తుందిగాని తీగమీద తొడుగుగా వంగదు. వంగాలంటే నూనెలాంటి రసాయనాలు కలపాలి. ఆ నూనెలకేమో మంట అంటుకుంటుంది. మెత్తబరచడమూ, మంటను అణచడమూ రెండూ చేసే చవక సరుకు కంపెనీలకు ఒకటి దొరికింది. దాని పేరు క్లోరినేటెడ్ పారాఫిన్. కొవ్వొత్తి మైనం జాతి పారాఫిన్‌లోకి క్లోరిన్ వాయువు పంపి దీన్ని చేస్తారు. ఉప్పునీటి నుంచి కాస్టిక్ సోడా తీసే ప్రతి ఫ్యాక్టరీలోనూ క్లోరిన్ వద్దన్నా వస్తుంది. దాన్ని ఏదో ఒక సరుకుగా మార్చి అమ్ముకోక తప్పదు. చవకకు అదొక కారణం. మంట తగిలితే యిందులోని క్లోరిన్ బయటికొచ్చి మంటను మందగింపజేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు ప్రాణం కాపాడే గుణమే అది, మేము కాదనం.

అన్ని కేబుళ్లలోనూ యిది వుంటుందని కాదు. ఎందులో వుందో రైతుకు తెలిసే దారి లేదు. కేబులు చుట్టమీద ఐ.ఎస్.ఐ. గుర్తు వుంటుంది, రాగి ఎన్ని చదరపు మిల్లీమీటర్లో వుంటుంది. తొడుగులో ఏం కలిపారో వుండదు.

మన పెద్దలకు గమాక్సిన్ పొడి గుర్తుండే వుంటుంది. చెనిక్కాయ చేలమీద మూటలకు మూటలు చల్లిన బి.హెచ్.సి. అదే. మన దేశంలో దాన్ని 1997లో నిషేధించారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా పాలలో దాని అవశేషాలు దొరుకుతూనే వచ్చాయి. క్లోరినేటెడ్ పారాఫిన్ పురుగుమందు కాదు, ఎవరూ చేనుమీద చల్లరు. గుణం మాత్రం ఆ కుటుంబానిదే. కర్బనానికి క్లోరిన్ అంటుకుంటే ఆ ముడి గట్టిది. మట్టిలోని సూక్ష్మజీవులకు తొందరగా కొరుకుడు పడదు, క్లోరిన్ పాలు పెరిగేకొద్దీ మరీను. నీళ్లలో దాదాపు కరగదు. అందుచేత బోరునీళ్లలోకి దిగేది తక్కువే. మట్టి రేణువును పట్టుకుని కూర్చుంటుంది, వానకు ఆ మట్టితోపాటే కొట్టుకొస్తుంది. వంకల్లో నుంచి చెరువు అడుక్కు చేరుతుంది. వెలుతురూ గాలీ చేరని ఆ బురదలో ఏళ్లకేళ్లు పడి వుంటుంది. కెనడా సరిహద్దులోని ఆంటారియో సరస్సులో అడుగు బురదను పొరలు పొరలుగా తీసి పరీక్షిస్తే 1940ల నాటి పొరలో కూడా యిది కనబడింది. ఈ సరుకు తయారీ మొదలైందే 1930లలో!

కొంత గాలిలోనూ పోతుంది. కెనడా ఉత్తరాన, మంచుగడ్డల మధ్య బతికే ఇన్యూట్ తల్లుల చనుబాలలో యిది వున్నట్టు 1997లో తేలింది. అక్కడ ఏ కేబులు ఫ్యాక్టరీ వుంది? ఇండియా, పాకిస్తాన్ గాలిలో కొలిచినవాళ్లకు కూడా దొరికిందని 2014లో వచ్చిన పరిశోధన చెబుతోంది. నీళ్లలో కరగనిది కొవ్వులో కరుగుతుంది. మన ఆవు పచ్చికతోపాటు మట్టీ మేస్తుంది. ఆ మట్టిలో వున్నది ఒంట్లోని కొవ్వుకూ, అక్కణ్ణించి పాలలోని వెన్నకూ చేరే దారి వుంది. ఈ రకాల్లో ఒకదాన్ని, అంటే సగటున పన్నెండు కర్బనాల గొలుసూ 60 శాతం క్లోరిన్ వున్నదాన్ని, మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం వున్నవాటి జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే చేర్చింది.

ఇక కాల్చితే సంగతి యింకా చెడ్డది. చెరువులో రాజేసిన మంటకు ఫ్యాక్టరీ కొలిమి వేడి రాదు. కొంత మందు కాలకుండానే పొగలో లేస్తుంది. కాలిన క్లోరిన్ నుంచి డయాక్సిన్లు పుడతాయి. పక్కనే వున్న రాగి ఆ పుట్టుకకు తోడ్పడుతుంది. ఆఫ్రికాలో ఘనా దేశపు అగ్బోగ్బ్లోషీలో యిట్లాగే రాగికోసం కేబుళ్లు కాలుస్తూ వచ్చారు. అక్కడ తిరిగిన కోళ్ల గుడ్లను 2019లో పరీక్షించారు. ఒక్క గుడ్డు తింటే యూరప్ వాళ్లు పెట్టుకున్న రోజువారీ డయాక్సిన్ పరిమితికి 200 రెట్లకు పైగా ఒంట్లోకి పోతుందని తేలింది. క్లోరినేటెడ్ పారాఫిన్ కూడా ఆ గుడ్లలో వుంది.

ఇంత తెలిసీ ఎందుకు ఆగలేదు? 10 నుంచి 13 కర్బనాల పొట్టి గొలుసు రకాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందం 2017లో నిషేధపు జాబితాలో చేర్చింది, అదీ కొన్ని మినహాయింపులతో. కంపెనీలు 14 నుంచి 17 కర్బనాల మధ్య గొలుసు రకానికి మళ్లాయి. దాన్నీ జాబితాలో చేర్చేసరికి 2025 వచ్చింది, మళ్లీ మినహాయింపులే. ఈ సరుకు ఎక్కువగా తయారుచేసే దేశాల్లో చైనా తోపాటు మన దేశమూ వుంది. ఇండియా 2006లో ఒప్పందంలో చేరిందిగాని, కొత్తగా జాబితాకెక్కే ప్రతిదాన్నీ విడిగా ఒప్పుకుంటేనే అది యిక్కడ వర్తిస్తుంది. 2018లో కేంద్రం తెచ్చిన నియమాలు ఏడు రసాయనాలను నిషేధించాయి. క్లోరినేటెడ్ పారాఫిన్ ఆ ఏడింటిలో లేదు. అమ్ముకునేవాడికి లాభం, అడుగు బురద రైతుకు!

2021 నవంబరు వరద మనమంతా చూసిందే. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. అట్లాంటి నీళ్లు ఏ చెరువు బురదను తెచ్చి ఎవరి మడిలో పరుస్తాయో ఎవరు చెప్పగలరు?

దొంగను తిట్టి వూరుకుంటే సరిపోదు. మనమూ కాలుస్తున్నాం. తెగిన కేబులు ముక్కలు, అరిగిన ప్లాస్టిక్ చెప్పులు, చిరిగిన మెత్త గొట్టాలు నీళ్లపొయ్యి కింద తోస్తాం. కాలితే పోతుందిలే అనుకుంటాం. అదే పొయ్యి బూడిద దిబ్బకు, దిబ్బ ఎరువు చేనుకు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో చెప్పింది. చెరువులో మంటను చూసి జరిమానా రాసేదెవరో? మంట దగ్గర కాపలా పెట్టేకన్నా గుజిరీ అంగడి దగ్గర పట్టుకోవడం తేలిక. కాలిన రాగి రంగు చూస్తేనే తెలుస్తుంది. ఒలిచిన రాగి కన్నా దానికి ధరా తక్కువే. కాలిన తీగ కొనగూడదని అంగళ్లను కట్టడి చేస్తే దొంగకూ, కాల్చేవాడికీ బేరం వుండదు. కేబులు తొడుగులో ఏం కలిపారో చుట్టమీద అచ్చువేయాలని కంపెనీలను అడిగే హక్కు కొన్నవాడికి వుంది. రైతుసంఘాలు యీ రెండూ పట్టుకుని కలెక్టర్ల దగ్గరికి పోవాలి.

పాత కేబులు వుంటే కత్తితో ఒలిచి రాగి అమ్ముకోండి, తొడుగును పొయ్యిలో వేయకండి. వేసవిలో చెరువు ఒండ్రు తోలుకునేటప్పుడు ముందుగా ఒకరు పోయి నల్లమచ్చలు ఎక్కడెక్కడున్నాయో చూసి, చుట్టూ రాళ్లు పేర్చి రావాలి. ఆ చోటు మట్టి బండికెత్తగూడదు, కోళ్లనూ గొర్రెలనూ అటు పోనీయగూడదు.