పొట్టు వాడినా తగ్గని మలబద్ధకం

చిత్తూరు పక్క పల్లెల్లో ‘దొడ్డికి సరిగ్గా కావడం లేదు’ అంటే రాగి సంగటి తిను, ఆకుకూర తిను, నీళ్లు బాగా తాగు అంటారు. తిరుపతిలో మందుల షాపుకు వెళ్తే ఇసబ్‌గోల్ పొట్టో, సిరప్పో చేతిలో పెడతారు. చాలామందికి వీటితోనే తగ్గిపోతుంది. నెలల తరబడి అన్నీ వాడినా, అరగంట కూర్చుని ముక్కినా, లోపల ఇంకా మిగిలిందనిపించి లేచేవాళ్ల సంగతే వేరు.

వీళ్లలో చాలామందికి చిక్కు మలద్వారం దగ్గర ఉంటుంది. ముక్కినప్పుడు అక్కడి కండరాలు వదులు కావాలి. కొందరికి సరిగ్గా అప్పుడే బిగుసుకుంటాయి. గడియ పెట్టిన తలుపును తోస్తున్నట్టే. పీచు పెంచితే మలం పెరుగుతుంది, కడుపుబ్బరం పెరుగుతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. అలాంటప్పుడు డోసు పెంచుకుంటూ పోవడం దండగ.

దీన్ని పసిగట్టే మొదటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు. డాక్టరు గ్లవ్ తొడుక్కుని వేలితో చూస్తూ ‘ముక్కండి’ అంటారు. కండరం వదులవుతోందో, బిగుస్తోందో అప్పుడే తెలుస్తుంది. సిగ్గుపడి మనం వద్దంటాం, ఓపీ రద్దీలో వాళ్లూ వదిలేస్తారు. నా దృష్టిలో ఏళ్లు వృథా అయ్యేది ఇక్కడే. అనుమానం వస్తే అక్కడి కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ పరీక్ష చేస్తారు. లోపల పెట్టి 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపిన బెలూన్‌ను నిమిషం, రెండు నిమిషాల్లో బయటికి పంపగలరా అనీ చూస్తారు.

చికిత్స పేరు బయోఫీడ్‌బ్యాక్. కండరం బిగుపు తెర మీద గీతగా కనిపిస్తుంటే, దాన్ని చూసుకుంటూ వదులు చేయడం నేర్చుకోవాలి. కొన్ని వారాలు పడుతుంది. సగానికి పైగా రోగులకు మేలు జరిగినట్టు అధ్యయనాలున్నాయి. తిరుపతి స్విమ్స్‌లో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గరే. ఈ పరీక్షలు, శిక్షణ ఎక్కడ దొరుకుతాయో అక్కడి డాక్టర్లను అడగండి.

పేగే నెమ్మదిగా కదిలేవాళ్లకు ప్రూకలోప్రైడ్ వంటి మందులున్నాయి. ఐరన్, కాల్షియం, ట్రమడాల్ మాత్రలు కూడా మలాన్ని బిగిస్తాయి కాబట్టి వాడుతున్న మందులన్నీ వెంట తీసుకెళ్లాలి. థైరాయిడ్, షుగర్ చూపించుకోవాలి. కమోడ్ వాడేవాళ్లు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కడం తేలికవుతుంది.

రక్తం పడినా, బరువు తగ్గినా, 50 దాటాక కొత్తగా మొదలైనా ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోవద్దు, వెంటనే డాక్టరుకు చూపించాలి. వేలితో సాయం చేసుకుంటే తప్ప మలం రావడం లేదంటే, ఆ మాట దాచకుండా చెప్పండి. డాక్టరుకు అదే పెద్ద ఆధారం.