పికప్ కొంటున్నారా? ముందు ఈ రెండు అంకెలు చూడండి

ట్రాలీ ఎంత పొడవు, ఈఎంఐ ఎంత... పికప్ కొనేవాళ్లు ముందు అడిగేవి ఇవే. అసలు చూడాల్సినవి రెండు అంకెలు: గ్రాస్ వెయిట్, ఖాళీ బండి బరువు. పాతదైతే ఆర్సీలో, కొత్తదైతే బ్రోచర్‌లో ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేదే మీరు ఎక్కించగల బరువు. డ్రైవరూ, క్లీనరూ కూడా అందులోనే!

మదనపల్లె నుంచి చెన్నైకి టమాటా తోలాలనుకోండి. క్రేటుకు 25 కేజీల చొప్పున 60 క్రేట్లంటే 1,500 కేజీలు. ఖాళీ క్రేటు 2 కేజీలనుకున్నా ఇంకో 120. ఇద్దరు మనుషులు 130. మొత్తం 1,750. అంటే 1.5 టన్నుల బండే కాదు, 1.7 టన్నులదీ చాలదు.

"ఇంకో పది క్రేట్లు వెయ్యి, ఏం కాదులే" అంటారు. ఇంజిన్ లాగుతుంది, నిజమే. కానీ దారిలో మొగిలి ఘాట్ దిగేటప్పుడు బండిని ఆపాల్సింది బ్రేకులు. వాటిని తయారుచేసేది గ్రాస్ వెయిట్ లెక్కతోనే. అంతకు మించి లోడేసి పదేపదే తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. పైగా ఓవర్‌లోడ్‌కు చట్టప్రకారం జరిమానా 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000.

అలాగని అందరికీ పెద్ద బండి అక్కర్లేదు. రోజూ అర టన్ను తోలేవాళ్లకు టాటా ఏస్ లాంటిది చాలు. పెద్దది కొని సగం ఖాళీగా తిప్పితే డీజిల్ దండగ.

షోరూమ్‌కి వెళ్లేముందు సీజన్లో మీ పెద్ద లోడు ఒకసారి కాటా వేయించండి. ఆ చీటీ చూపించి బండి అడగండి.