రక్తంలో కొడవలి: సికిల్ సెల్ జబ్బు - కొత్త చికిత్సలు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మాకు ముందుగా గుర్తొచ్చింది ఎనిమిదో తరగతిలో మా పెట్టె పక్కనే పెట్టె పెట్టుకున్న మిత్రుడు. డిసెంబరు చలిలో తెల్లవారుజామున లేచి చన్నీళ్లు పోసుకున్నాడంటే అతనికి కాళ్లూ చేతులూ విపరీతంగా నొప్పులు వచ్చేవి. దుప్పటి కప్పుకుని ముడుచుకుని పడుకునేవాడు. స్టడీ అవరుకు రాడు, గ్రౌండులో పరుగెత్తమంటే పరుగెత్తడు. చూస్తే వాపు లేదు, గాయం లేదు. నాలుగు రోజులు పోతే మామూలుగా తిరిగేవాడు. అందుకని మేమంతా కలిసి అతనికి 'నాటకాల రాయుడు' అని పేరు పెట్టాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినవాడు మళ్లీ తిరిగి రాలేదు.

ఇప్పుడు మేము ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. క్లాసులో హిమోగ్లోబిన్ పాఠం వింటుంటే ఆ మిత్రుడే కళ్ల ముందు మెదిలాడు. వాకబు చేస్తే అతనికి సికిల్ సెల్ జబ్బు ఉన్నట్లు పెద్దాసుపత్రిలో తేలిందని తెలిసింది. అతను ఆడింది నాటకం కాదు. ఈ సంగతి మీకైనా ముందే తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

జబ్బు ఏమిటి?

మన రక్తంలోని ఎర్ర కణాల్లో హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎత్తుకుని ఒంట్లోని మూలమూలకూ మోసే కూలీ ఇదే. మామూలు ఎర్ర కణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. తనకంటే సన్నని రక్తనాళంలోనైనా వంగి దూరిపోతుంది. ఈ జబ్బు ఉన్నవారిలో మాత్రం ప్రాణవాయువును వదిలిన కణం గట్టిపడి కొడవలిలా వంకర తిరుగుతుంది. వరికోతలకు వెళ్లే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం మనలో చాలామందిమి. ఆ ఆకారం మనకు ఎవరూ బొమ్మ గీసి చూపనక్కర లేదు.

ఇరుకు సందులో గడ్డిబండి అడ్డం తిరిగినట్లు ఈ కణాలు సన్నని నాళాల్లో అడ్డం పడతాయి. ఆ భాగానికి రక్తం అందదు. ఎముకల్లో, కీళ్లలో, ఛాతీలో, కడుపులో భరించలేని నొప్పి వస్తుంది. పైకి ఏమీ కనిపించదు. మామూలు ఎర్ర కణం 120 రోజుల దాకా బతికితే కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే విరిగిపోతుంది. అందువల్ల రక్తహీనత, ఆయాసం, కళ్లు పచ్చబడటం కూడా ఉంటాయి. నీళ్లు తక్కువ తాగినా, చలి తగిలినా, జ్వరం వచ్చినా, శక్తికి మించి పరుగెత్తినా నొప్పి మొదలు కావచ్చు. మా మిత్రుడి చన్నీళ్ల స్నానం సంగతి ఇప్పుడు అర్థమైంది కదా!

ఒక్క అక్షరం తప్పు

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఈ కొడవలి కణాల గురించి మొదటగా వైద్య పత్రికలో రాశారు. ఆయన పరీక్షించింది చదువు కోసం గ్రెనడా ద్వీపం నుంచి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి రక్తాన్ని. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు అసలు తేడా హిమోగ్లోబిన్‌లోనే ఉందని నిరూపించారు. ఒక జబ్బుకు మూలం ఒక అణువులో ఉందని చూపడం అదే మొదటిసారి. ఆ తేడా ఎక్కడుందో 1957 నాటికి కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అందులో ఆరవ స్థానంలో గ్లూటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ ఉంది. అంతే తేడా!

జన్యువులో చూస్తే ఇది ఒక్క అక్షరం తప్పు. జి.ఎ.జి. అని ఉండవలసిన చోట జి.టి.జి. అని పడింది. సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే స్కాలర్‌షిప్ ఆగిపోయి ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఇదీ అలాంటిదే. గ్లూటామిక్ ఆమ్లానికి నీటితో స్నేహం. వాలీన్ నూనెలాంటిది, నీటికి దూరం జరుగుతుంది. అందుకని ఒక హిమోగ్లోబిన్‌లోని వాలీన్ పక్క హిమోగ్లోబిన్‌లోని గుంటలో ఇరుక్కుంటుంది. ఇలా ఒకదానికొకటి అతుక్కుని తాళ్లలా పేనుకుంటాయి. ఆ తాళ్లే కణాన్ని వంకర తిప్పుతాయి.

ఇది అంటువ్యాధి కాదు, శాపం కాదు, పూర్వజన్మ పాపం అసలే కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి - రెండు జన్యువులూ తప్పువే వస్తేనే ఈ జబ్బు. ఒక్కటే వస్తే వాహకులు అంటారు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. కాబట్టి తల్లిని ఒక్కదాన్నే నిందించడం అన్యాయం. వాహకులకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథోనీ ఆలిసన్ చూపించారు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. గిరిజనుల్లో ఇది ఎక్కువైనా ఇతర కులాల్లోనూ ఉంది.

పసిబిడ్డ చూపిన దారి

ఈ జబ్బుతో పుట్టిన బిడ్డకు మొదటి కొన్ని నెలలు ఏ బాధా ఉండదు. ఎందుకని? తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. అందులో బీటా గొలుసే ఉండదు కాబట్టి తప్పూ ఉండదు. పుట్టాక అది నెమ్మదిగా తగ్గిపోతుంది. 1948లోనే జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు ఈ విషయం గమనించారు. దాన్ని మళ్లీ తెప్పించగలిగితే?

ఆ ప్రశ్నకు మొదటి జవాబు హైడ్రాక్సీయూరియా మందు. ఇది పసితనపు హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. 1995లో వెలువడిన పరీక్షా ఫలితాల్లో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది మరీ ఖరీదైన మందు కాదు. అయితే డాక్టరు పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి.

రెండో జవాబు ఇంకా లోతైనది. పసితనపు హిమోగ్లోబిన్‌ను ఆపేసే స్విచ్ లాంటి జన్యువు బి.సి.ఎల్.11ఎ అని 2008లో బోస్టన్‌లోని స్టువర్ట్ ఓర్కిన్ బృందం చూపింది. జన్యువును కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతిని 2012లో జెనిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే ప్రకటించి, 2020లో నోబెల్ బహుమతి పొందారు. ఈ రెండూ కలిసి క్యాస్‌జెవీ అనే చికిత్స అయింది. రోగి మూలకణాలను బయటకు తీసి, వాటిలో ఆ స్విచ్ పనిచేయకుండా కత్తిరించి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. ఫలితాలు లెక్కించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు.

ఇది విని మేము ఎంత సంతోషించామో, ధర చూసి అంత దిగులు పడ్డాం. 2023లో అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు! పైగా మూలకణాలను తిరిగి ఎక్కించే ముందు ఎముక మజ్జను ఖాళీ చేయడానికి కఠినమైన కీమోథెరపీ ఇవ్వాలి. కొత్త మందులన్నీ నిలబడవు కూడా. వాక్సెలోటర్ అనే మందుకు 2019లో అనుమతి వచ్చింది. మేలు కంటే ప్రమాదమే ఎక్కువగా కనిపించడంతో 2024లో వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో తక్కువ ఖర్చుతో జన్యు చికిత్స తయారు చేయడానికి ఢిల్లీలోని ఐ.జి.ఐ.బి. శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు.

మనం చేయగలిగింది

ఆ చికిత్స మన ఊరి దాకా వచ్చేలోగా చేయగలిగినవి చాలానే ఉన్నాయి. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయడం, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించడం దాని లక్ష్యాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. పరీక్షకు కొద్దిపాటి రక్తం చాలు. శిబిరం పెట్టినప్పుడు భయపడి దాక్కోవద్దు. పెళ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోవడం మరీ మంచిది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బును కూడా చేర్చారని గుర్తుంచుకోండి.

హాస్టల్‌లో ఎవరికైనా మాటిమాటికీ ఒళ్లు నొప్పులు, కళ్లు పచ్చబడటం ఉంటే వార్డెన్ గారికి చెప్పి ఆసుపత్రికి పంపండి. ఈ జబ్బు ఉన్న పిల్లలకు నీళ్లు బాగా తాగించాలి, చలికాలం వేన్నీళ్లు ఇవ్వాలి. జ్వరం వచ్చినా, ఛాతీ నొప్పి వచ్చినా తెల్లారనిద్దాం అనుకోకుండా వెంటనే తీసుకెళ్లాలి.

పోయిన వేసవిలో మా మిత్రుణ్ణి వెతుక్కుంటూ వాళ్ల ఊరు వెళ్లాం. ఓపెన్ స్కూల్లో టెన్త్ పాసై జిరాక్సు షాపులో పనిచేస్తున్నాడు. రోజూ మందు వేసుకుంటున్నాడు, నొప్పులు తగ్గాయన్నాడు. క్షమించమని అడిగాం. "అప్పుడు నాకే తెలియదు కదరా, మీకెలా తెలుస్తుంది?" అన్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు. మీ గదిలో ఎవరైనా దుప్పటి కప్పుకుని మూలుగుతుంటే పేర్లు పెట్టకండి. ముందు ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి, ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి.