ఇంటిబండికి చౌక లిథియం బ్యాటరీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో రిక్రియేషనల్ వెహికిల్ అనియు, పొట్టిగా ఆర్.వి. అనియు వ్యవహరింపబడు వాహనము కలదు. పడకలు, వంటపొయ్యి, రిఫ్రిజిరేటరు, స్నానపుగది మొదలగునవి అన్నియు అందులోనే అమర్చబడి యుండును. దానిని మనము ఇంటిబండి అనుకొందము. అచట స్థిరపడిన తెలుగు కుటుంబములలో కొన్ని ఇట్టి బండిని అద్దెకు తీసికొనియో, కొనియో, స్వదేశమునుండి చూడవచ్చిన తల్లిదండ్రులతోను, పసిపిల్లలతోను దూరప్రయాణములు చేయుట నేడు వింత కాదు.

ఈ బండ్లు నిలుపు స్థలములలో కొన్నింట విద్యుత్తు సరఫరా ఉండును. తీగ తగిలించుకొన్నచో చాలును. కొన్నింట అది ఉండదు. అరిజోనా రాష్ట్రమునందలి క్వార్ట్‌జ్‌సైట్ అను చిన్న ఊరి చెంత, కేంద్ర ప్రభుత్వపు ఎడారి భూములలో, సెప్టెంబరు 15 మొదలు ఏప్రిలు 15 వరకు దీర్ఘకాలపు విడిదికి అనుమతి కలదు. చలికాలమున అచట వేలకొలది బండ్లు చేరును. ఎవరి విద్యుత్తు వారే సమకూర్చుకొనవలెను. పగలు సౌర ఫలకములు బ్యాటరీని నింపును. రాత్రి ఆ బ్యాటరీయే ఇల్లు నడుపును. బండిలోని వేడిగాలి పొయ్యి గ్యాసుతో మండినను, ఆ వేడిమిని గదిలోనికి నెట్టు పంకా విద్యుత్తుతోనే తిరుగును. తెల్లవారుజామున బ్యాటరీ చేతులెత్తినచో పంకా ఆగును, పొయ్యియు ఆరిపోవును. కావున బ్యాటరీని ఎంచుకొనుటలో డబ్బు లెక్క ఒక్కటే చూచిన చాలదు. వృద్ధులు, శిశువులు నిద్రించు గది వెచ్చదనమును, క్షేమమును దానిపై ఆధారపడి యున్నవి.

పూర్వము ఈ బండ్లలో సీసపు బ్యాటరీలే ఉండెడివి. నూరు ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ ఇంచుమించు 30 కిలోలు తూగును. అందు సగమునకు మించి పలుమారులు వాడుకొన్నచో దాని ఆయువు త్వరగా తరిగిపోవును. అంతే పరిమాణము గల లిథియం బ్యాటరీ 9 మొదలు 12 కిలోల లోపలనే తూగును. అందలి శక్తిని దాదాపు పూర్తిగా వాడుకొనవచ్చును. సుమారు పది సంవత్సరముల క్రిందట దాని వెల వేయి డాలర్లకు చేరువగా ఉండెను. నేడు రెండు మూడు వందల డాలర్లకే దొరకుచున్నది. వెల తగ్గుటతో పాటు తెలియని పేర్లతో వచ్చు సరకు పెరిగినది. చిక్కంతయు ఇచటనే కలదు.

లిథియం అను పేరు క్రింద పలు జాతుల బ్యాటరీలు అమ్ముదురు. 1991లో సోనీ సంస్థ విపణికి తెచ్చిన మొదటి లిథియం-అయాన్ బ్యాటరీలు కోబాల్టుతో చేసినవి. ఇంటిబండికి తగిన జాతి లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీనిని గూర్చిన పరిశోధనను 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయమునందలి జాన్ గుడినఫ్ తన సహచరులతో కలిసి ప్రకటించెను. ఆ సహచరులలో అక్షయ పాఢి, నంజుండస్వామి అను భారతీయు లుండుట మనకు సంతోషదాయకము. గుడినఫ్ 2019లో మరి ఇద్దరితో కలిసి రసాయన శాస్త్రమున నోబెల్ బహుమతిని అందుకొనెను. ఈ జాతి బ్యాటరీలో ఆమ్లజని ఫాస్ఫేటునందు గట్టిగా బంధింపబడి యుండును. మితిమీరి వేడెక్కినను అది సులభముగా విడివడదు. కావున మంట పుట్టు ప్రమాదము కోబాల్టు జాతులకంటె చాల తక్కువ. బొత్తిగా లేదని మాత్రము అనరాదు. విద్యుత్ కార్లనుండి ఊడదీసిన పాత నికెల్, కోబాల్టు బ్యాటరీలు ఎంత చౌకగా వచ్చినను, మనుష్యులు పడుకొను గదిలో వానికి చోటియ్యరాదు.

కొనుటకు ముందు మన అవసరమెంతయో లెక్క వేసికొనవలెను. పన్నెండు వోల్టుల రిఫ్రిజిరేటరు ఒక దినమునకు సుమారు 50 ఆంపియర్-గంటలు తీసికొనుననుకొందము. వేడిగాలి పంకా 7 ఆంపియర్ల చొప్పున మొత్తము 5 గంటలు తిరిగినచో 35. దీపములు, నీటి పంపు, ఫోనులు కలిపి 15. మొత్తము నూరు. అనగా నూరు ఆంపియర్-గంటల బ్యాటరీ ఒక్కటి దినమునకు సరిగా సరిపోవును. మబ్బు పట్టిన మరునాటికి ఏమియు మిగులదు. రెండున్నచో నిశ్చింత. అవసరము తెలియక ఆరు కొనుటయు, ఒకదానితో సరిపెట్టుటయు రెండును నష్టములే.

ఇక బ్యాటరీ లోపల ఏమున్నదో చూతము. అందు నాలుగు ఘటములు వరుసగా కలుపబడి యుండును. ఒక్కొక్కటి 3.2 వోల్టులు, మొత్తము 12.8 వోల్టులు. వీనికి కావలి కాయుచు ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉండును. దానిని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనియు, పొట్టిగా బి.ఎం.ఎస్. అనియు అందురు. ఘటములు అతిగా నిండినను, అతిగా ఖాళీ అయినను, మితిమీరిన ప్రవాహము నడిచినను ఇది తలుపు మూసివేయును. చౌక బ్యాటరీకిని మంచి బ్యాటరీకిని గల భేదము హెచ్చుపాలు ఈ కావలివానిలోనే దాగియున్నది.

కావలివాని శక్తి ఎంతయో మొదట అడుగవలెను. నూరు ఆంపియర్ల హద్దు గల బ్యాటరీ సుమారు 1,280 వాట్లకు మించి ఒక్కసారిగా ఈయలేదు. గోడ విద్యుత్తునుండి 1,500 వాట్లు తీసికొను మైక్రోవేవ్ పొయ్యిని ఇన్వర్టరు ద్వారా నడిపినచో, నష్టములతో కలిపి 130 ఆంపియర్లు కావలసివచ్చును. ఒంటి బ్యాటరీ వెంటనే ఆగిపోవును. అది బ్యాటరీ దోషము కాదు. కొన్నవారు హద్దు చూడకపోవుటయే కారణము.

అన్నిటికంటె ముఖ్యమైనది చలిని గూర్చిన ప్రశ్న. ఉష్ణోగ్రత సున్న సెంటిగ్రేడుకు దిగినపుడు లిథియం బ్యాటరీనుండి విద్యుత్తు తీసికొనవచ్చును గాని, దానిలోనికి నింపరాదు. అంత చలిలో నింపినచో లిథియం అయానులు గ్రాఫైటు పొరలలోనికి చొరలేక, దానిపై లోహముగా పేరుకొనును. ఆ నష్టము తిరిగి పూడునది కాదు. కాలక్రమమున ఆ పేరుకొన్న లోహము లోపలనే షార్ట్ సర్క్యూట్ కలిగింపవచ్చును. గ్రాండ్ కాన్యన్ దక్షిణపుటంచు సముద్రమట్టమునకు సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉన్నది. చలికాలపు రాత్రులు అచట నీరు గడ్డకట్టును. ఉదయమున సూర్యుడు పొడుచుటతోడనే సౌర ఫలకములు చల్లబడిన బ్యాటరీని నింపబూనును. ఆ క్షణమున ఆపునది కావలి పలకయే. కొన్ని చౌక బ్యాటరీలలో ఈ అడ్డుకట్ట ఉండదు. కావున చలిలో ఛార్జిని నిలుపు ఏర్పాటు కలదని వివరపత్రమున స్పష్టముగా వ్రాసియున్న బ్యాటరీనే కొనవలెను. చలి ప్రాంతములకు తరచుగా పోవువారు తనంతట తాను వేడెక్కు రకమును కొనుట మేలు. సీసపు బ్యాటరీ హైడ్రోజన్ వాయువును విడుచును గనుక, లాగుడు బండ్లలో దానిని సాధారణముగా వెలుపలి కొక్కెము వద్ద పెట్టుదురు. లిథియం బ్యాటరీ మామూలు వాడుకలో వాయువును విడువదు. దానిని లోపలి వెచ్చని అరలోనికి మార్చవచ్చును.

పెట్టెపై వ్రాసిన అంకె నిజమా కాదా అని తెలిసికొనుటకు రెండు సులభ మార్గములు కలవు. మొదటిది తూకము. నాలుగు ఘటముల బరువే 8 కిలోలకు చేరువగా ఉండును; నూరు ఆంపియర్-గంటలని చెప్పి పెట్టెతో కూడ 7 కిలోలే తూగినచో అనుమానింపవలెను. రెండవది కొలత. వాపసు గడువు ముగియకముందే బ్యాటరీని పూర్తిగా నింపి, 20 ఆంపియర్లు తీసికొను పరికరమును తగిలించి, గడియారము చూడవలెను. ఐదు గంటలకు చేరువగా నడిచినచో అంకె నిజము. నాలుగు గంటలకే ఆగినచో ఎనుబది మాత్రమే ఉన్నదని అర్థము. వోల్టులను చూచి శక్తి ఎంత మిగిలినదో ఊహింపరాదు. సగము ఖాళీ అయినను ఈ జాతి బ్యాటరీ 13 వోల్టుల చెంతనే నిలిచి, చివర ఒక్కసారిగా పడిపోవును. వచ్చిపోవు ప్రవాహమును లెక్కించు షంట్ మీటరు ఒకటి అమర్చుకొనుట అవసరము.

ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయరాదు. పాత బండ్లలోని ఛార్జరు సీసపు బ్యాటరీకొరకు చేసినది, 13.6 వోల్టులతో అది లిథియమును సరిగా నింపలేదు. ఇంజనునకు అనుబంధించిన ఆల్టర్నేటరునుండి లిథియం బ్యాటరీ చాలసేపు భారీ ప్రవాహమును లాగును. ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోవచ్చును. ఆ ప్రవాహమునకు పగ్గము వేయు డి.సి.–డి.సి. ఛార్జరు మధ్యన ఉండవలెను. ధనధ్రువమునకు దగ్గరగా మంచి ఫ్యూజు తప్పనిసరి. లిథియం బ్యాటరీలో షార్ట్ సర్క్యూట్ జరిగినచో వేల ఆంపియర్లు ఒక్కసారిగా పారును. సామాన్యమైన ఫ్యూజు దానిని తెంపలేక తానే మండవచ్చును. క్లాస్ టి అను రకము ఇందుకు తగినది. ఈ ఉపకరణములన్నిటి వెలయు కలిపి చూచిన పిమ్మటనే బ్యాటరీ చౌకయో కాదో చెప్పవలెను.

అమ్మకందారులు యు.ఎన్. 38.3 అను పరీక్షాపత్రమును గొప్పగా చూపుదురు. అది రవాణాలో క్షేమమును తెలుపు పరీక్ష మాత్రమే. వాడుకలో మన్నికను గూర్చి అది ఏమియు చెప్పదు. వాహనములలోని సహాయక విద్యుత్తునకు వర్తించు ప్రమాణము యు.ఎల్. 1973, అది యున్నచో విశ్వసింపదగును. పది సంవత్సరముల హామీని చూచి సంతోషించుటకు ముందు, ఆ హామీని నిలుపుకొను చిరునామా ఆ దేశమున కలదా, చెడిన బ్యాటరీని తిరిగి పంపు ఖర్చు ఎవరిది అని విచారింపవలెను. లిథియం బ్యాటరీ ప్రమాదకర వస్తువుల జాబితాలోనిది. దానిని పంపుట సులభము కాదు, చౌకయు కాదు.

మన ఇండ్లలో ఇన్వర్టరుతో వాడు లిథియం బ్యాటరీలకును ఈ విచారణ చాలవరకు వర్తించును. మన మైదానములలో గడ్డకట్టు చలి లేదు గాని, వేసవి ఎండ కలదు. అధికమైన వేడి బ్యాటరీ ఆయువును తగ్గించును. ఎండ తగులు బాల్కనీలోగాని, రేకుల కప్పు క్రిందగాని దానిని ఉంచక, గాలి యాడు నీడపట్టున ఉంచవలెను.

చేతిలోని సొమ్ము పరిమితమైనచో ఏమి చేయవలెను? కావలి పలక బలహీనముగా నున్న రెండు బ్యాటరీలకంటె, చలికి అడ్డుకట్టయు, నమ్మదగిన హామీయు గల ఒక్క బ్యాటరీని కొనుట వివేకము. మైక్రోవేవ్ పొయ్యిని కొంతకాలము మానుకొని గ్యాసుపొయ్యిపై వండుకొనవచ్చును. రెండవ బ్యాటరీని మరుసటి సంవత్సరము చేర్చుకొనవచ్చును. అట్లు చేర్చునపుడు అదే సంస్థ చేసిన, అదే పరిమాణము గల దానినే తెచ్చి, రెండింటిని పూర్తిగా నింపిన పిమ్మట మాత్రమే కలుపవలెను.