టీ షర్ట్ ప్రింటింగ్: నాలుగు ఉతుకులకే బొమ్మ ఊడిపోతోందా? ఆర్డర్ ఇచ్చే ముందు ఇది తెలుసుకోండి!

వినాయక చవితి వచ్చిందంటే గల్లీ యూత్‌కి ఒకే రంగు టీ షర్టులు. హీరో సినిమా రిలీజైతే ఫ్యాన్స్ ఒంటి మీద ఆయన బొమ్మే. కాలేజీ ఫెస్ట్, క్రికెట్ టోర్నీ.. ఏదైనా సరే ముందు ఇచ్చేది టీ షర్ట్ ఆర్డరే. తలా ఇంత వేసుకుని చేయించుకున్న ఆ బొమ్మ నెల తిరక్కుండానే పగుళ్లిచ్చి పొరలు పొరలుగా ఊడిపోతే? షాపు వాళ్లను తిట్టుకోవడం మామూలే. కానీ చాలాసార్లు అసలు చిక్కు వేరే ఉంటుంది. ఆ బట్టకు, ఆ ప్రింటింగ్ పద్ధతికి పొంతన కుదరకపోవడమే అది.

ఇంతకీ చూడాల్సింది ఏంటంటే.. రంగు బట్ట మీద కూర్చుందా? లేక దారంలోకి దిగిందా? ప్రింట్ ఎన్నాళ్లు ఉంటుందన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది.

మీద కూర్చునే రంగు

బల్క్ ఆర్డర్లలో ఎక్కువగా కనిపించేది స్క్రీన్ ప్రింటింగ్. సన్నటి జాలీ గుడ్డ బిగించిన ఫ్రేమ్‌లో ఇంక్ పోసి, రబ్బరు పట్టీతో లాగుతారు. ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేమ్ కావాలి. అందుకే పది షర్టులకు రేటు ఎక్కువ, ఐదొందల షర్టులకు బాగా తక్కువ. ఇందులో వాడే ప్లాస్టిసాల్ ఇంక్ పేరుకు తగ్గట్టే ప్లాస్టిక్. మామూలు రకానికి దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితేనే పూర్తిగా పట్టుకుంటుంది. పైన ఆరినట్టు కనిపించినా, లోపలి పొరకు ఆ వేడి అందకపోతే ఉతికినప్పుడు పగుళ్లు ఖాయం. అర్జెంటుగా కావాలని షాపు మీద కూర్చుంటే దెబ్బ తగిలేది ఇక్కడే.

ఇప్పుడు డీటీఎఫ్ జోరు మీదుంది. ఫిల్మ్ మీద బొమ్మ ప్రింట్ చేసి, వెనక జిగురు పొడి చల్లి కరిగించి, హీట్ ప్రెస్‌తో షర్ట్‌కు అంటిస్తారు. ఒక్క షర్ట్ అయినా చేసిస్తారు. కాటన్, పాలిస్టర్, తెలుపు, నలుపు.. దేని మీదైనా వస్తుంది. సౌకర్యమే, కాదనలేం. కానీ ఛాతీ నిండా పెద్ద బొమ్మ వేయిస్తే అంతమేరా గాలి ఆడదు. మే నెల ఎండలో అది వేసుకుని తిరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

దారంలోకి దిగే రంగు

జెర్సీలకు వాడే సబ్లిమేషన్ లెక్క వేరు. దాదాపు 200 డిగ్రీల వేడికి ఘన రూపంలోని రంగు ఆవిరిగా మారి నేరుగా పాలిస్టర్ దారంలోకి వెళ్లిపోతుంది. చేత్తో తడిమితే అక్కడ ప్రింట్ ఉన్నట్టే తెలీదు, పగలడం అన్న మాటే లేదు. అయితే కాటన్‌కు ఇది పనికిరాదు. తెల్ల రంగు వేయలేరు కాబట్టి నల్ల షర్ట్‌కూ కుదరదు.

పాలిస్టర్‌తో ఇంకో తిప్పలు కూడా ఉంది. ఎర్ర జెర్సీ మీద తెల్ల అక్షరాలు వేయిస్తే, కొన్నాళ్లకు అవి గులాబీ రంగుకు తిరగొచ్చు. ప్రింట్ వేసేటప్పుడు తగిలిన వేడికి బట్టలోని ఎరుపు లేచి తెల్ల ఇంక్‌లోకి పాకుతుంది. దాన్ని ఆపే ప్రత్యేక ఇంక్‌లు ఉన్నాయి, అడిగి వేయించుకోవాలి.

నల్ల కాటన్ షర్ట్ మీద పాత పోస్టర్ లాంటి మెత్తటి బొమ్మ కావాలంటే డిశ్చార్జ్ ప్రింటింగ్ ఉంది. ఇందులో రంగు వేయడం కంటే ముందు ఉన్న రంగు తీసేస్తారు. రసాయనం కలిపిన పేస్ట్ వేసి వేడి చేస్తే ఆ మేర నలుపు పోతుంది. కావాలంటే అక్కడే కొత్త రంగు ఎక్కిస్తారు. నిజానికి కాటన్‌కు దీన్ని మించిన హాయి ఇంకోటి లేదు. కాకపోతే ఆ రసాయనంలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, ఘాటు వాసన వస్తుంది. పనిచేసే చోట గాలి బాగా ఆడాలి, కొన్నవాళ్లు ఉతక్కుండా వేసుకోకూడదు.

ఒంటి వేడికి రంగు మారే షర్ట్!

1991లో అమెరికాలోని సియాటిల్ కంపెనీ జెనెర్రా ‘హైపర్‌కలర్’ టీ షర్టులు తెచ్చింది. చెయ్యి పెడితే చాలు, ఆ మేర రంగు మారిపోయేది. కుర్రకారు ఎగబడి కొన్నారు. చిక్కేంటంటే చంకల దగ్గర కూడా రంగు మారేది! పైగా బాగా వేడి నీళ్లలో ఉతికితే మ్యాజిక్ పోయేది. మోజు ఎంత వేగంగా వచ్చిందో అంతే వేగంగా పోయింది, మరుసటి ఏడాదికే కంపెనీ దివాలా తీసింది.

ఎండతో ప్రింట్ చేసే పద్ధతి ఇంకా పాతది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సైనోటైప్ అది. రెండు ఇనుప లవణాలు కలిపిన ద్రావణం కాటన్‌కు పూసి చీకట్లో ఆరబెట్టాలి. పైన ఓ వేపరెమ్మ పెట్టి ఎండలో ఉంచి, తర్వాత నీళ్లలో కడిగితే చాలు. ఎండ తగిలినచోట ముదురు నీలం, రెమ్మ ఉన్నచోట తెలుపు. మన ఎండలకు దీనికి ఎక్కువసేపు పట్టదు. సోడా ఎక్కువున్న సబ్బు, బ్లీచింగ్ మాత్రం తగలనివ్వకూడదు, నీలం కాస్తా వెలిసిపోతుంది.

పెడనలో ఎప్పటి నుంచో ఉన్న లెక్కే

కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్లను చెక్క అచ్చుతో అద్దితే, అది కరక్కాయ వగరుతో కలిసి నలుపవుతుంది. పటిక అద్దినచోట, ఉడకబెట్టినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. మధ్యలో ఎన్నిసార్లు ఉతుకుతారో, ఎన్నిసార్లు ఎండేస్తారో!

ఇప్పుడు అవే డిజైన్లను స్క్రీన్ మీద, మెషీన్ మీద కొట్టేసి ‘కలంకారీ’ పేరుతోనే అమ్ముతున్నారు. మచిలీపట్నం కలంకారీకి జీఐ ట్యాగ్ ఉన్నా చేతి పని చేసేవాళ్లకు ఈ పోటీ తప్పడం లేదు. కలంకారీ టీ షర్టో, కుర్తానో కొనేటప్పుడు అచ్చుల అతుకులు చూడండి. చేత్తో వేసినదైతే అక్కడక్కడా వెంట్రుకవాసి తేడా ఉంటుంది. గజాల కొద్దీ అచ్చం ఒకేలా ఉంటే అనుమానించాల్సిందే.

ఇక గల్లీ యూత్ ఆర్డర్ సంగతికి వస్తే.. బట్ట కాటనా, పాలిస్టరా, రెండూ కలిసిందా అని ముందే అడగాలి. ఒక శాంపిల్ వేయించి, ఇంటికి తెచ్చి మూడు నాలుగు సార్లు ఉతికి చూడాలి. ప్రింట్‌ను పట్టుకుని మెల్లగా సాగదీస్తే పగుళ్లు కనిపిస్తున్నాయా? అయితే మిగతా షర్టులకు అడ్వాన్స్ ఇవ్వకండి. ఉతికేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు షర్ట్‌ను తిరగేయడం మాత్రం ఏ ప్రింట్‌కైనా తప్పదు.