వంటయింట సిలికోను

మన అమ్మమ్మల వంటయిండ్లలో పేరైనను వినబడని సిలికోను నేడు ఎల్లెడల కానవచ్చుచున్నది. కుక్కరు మూతలోని రబ్బరు, అట్లకాడ, కేకు అచ్చు, గిన్నెపై సాగదీసి బిగించు మూత, పసిబిడ్డ పాలసీసా పీక, చేతిఫోను తొడుగు, వీనిలో అనేకము సిలికోనుతో చేసినవే. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులు కొన్ని 2022 జూలై 1వ తేదీనుండి మన దేశమున నిషేధింపబడినవి. అది మొదలు "ప్లాస్టిక్కునకు బదులు సిలికోను కొనుడు" అను మాటను అంగళ్లలో నేను తఱచుగా వినుచున్నాను.

నేనును ఆ మాట నమ్మినదాననే. మూడేండ్ల క్రిందట ఒక అంగడివాడు "అమ్మా, ఇది ఇసుకతో చేసినది, మట్టిలో కలిసిపోవును" అని చెప్పగా ఆఱు మూతలు కొంటిని. ఏడాది తిరుగకమునుపే రెండు చినిగినవి. ఇసుకబిడ్డలు గదా యని వానిని పెరటి యెరువుగుంటలో వేసితిని. రెండు వానకాలములు గడచినవి. మొన్న మల్లెపాదులకు ఎరువు తీయింపగా అరటితొక్కలు, ఆకులు, కూరగాయల చెక్కులు అన్నియు నల్లని మన్నైనవి గాని, ఆ మూతలు మాత్రము వేసిననాటి రంగుతోనే వెలికి వచ్చినవి. తుక్కు కొనువానికి చూపితిని. అతడు తల యాడించి తిరిగి నా చేతిలోనే పెట్టెను. పొరుగింటి వదినగారు "ఎండుటాకులతోపాటు కాల్చివేయరాదా?" అనిరి. ఏమి చేయుటకును తోచక, బడిపంతులైన మా వారిని అడిగి, వారు తెచ్చియిచ్చిన పుస్తకములు చదివి తెలిసికొన్న సంగతులను మీకు విన్నవించుచున్నాను.

సిలికాను ఒక మూలపదార్థము. పలుగురాతియందును ఇసుకయందును అది ప్రాణవాయువుతో కూడియుండును. సిలికోను దానినుండి మనుష్యులు చేసిన వస్తువు. పలుగురాతిని బొగ్గుతోను కట్టెపేళ్లతోను కలిపి, విద్యుత్కొలిమిలో సుమారు 2000 డిగ్రీల వేడిమికి తెత్తురు. అపుడు బొగ్గు రాతిలోని ప్రాణవాయువును లాగికొని పొగయై పోవును, సిలికాను మిగులును. ఒక కిలో సిలికానునకు సుమారు 11 మొదలు 13 యూనిట్ల విద్యుత్తు పట్టును. పిమ్మట దానిని పొడిచేసి, రాగి సాయమున మిథైల్ క్లోరైడు అను వాయువుతో కలుపుదురు. ఈ మార్గమును 1940 ప్రాంతమున అమెరికాలో యూజీన్ రోకో, జర్మనీలో రిచర్డ్ ముల్లర్ వేర్వేరుగా కనిపెట్టిరి. ఆ వాయువునకు మూలమైన మిథనాలును భూమిలోని సహజవాయువునుండియో, బొగ్గునుండియో తీయుదురు. నేడు ప్రపంచమున సిలికాను నధికముగా చేయు దేశము చైనా. అచటి విద్యుత్తులో చాలభాగము బొగ్గును కాల్చి పుట్టించినదే.

కాబట్టి అంగడివాడు చెప్పినది సగము నిజము. సిలికోనునకు తల్లి ఇసుక యైనచో, తండ్రి బొగ్గు. తండ్రి పేరు అతడు చెప్పలేదు. బొగ్గుయొక్క మూల్యమెంతయో మా నస్పూరు ఇల్లాండ్రకు వేఱుగా చెప్పనక్కఱలేదు. చుట్టును సింగరేణివారి శ్రీరాంపూర్ గనులు. కొంతదూరమున జైపూరులో వారిదే 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రము. ఉదయమున ఆరవేసిన తెల్లచీర సాయంకాలమునకు బూడిదవన్నె దాల్చుట మాకు నిత్యానుభవము.

ఇక దానిని పారవేయుట సంగతి. మట్టిలో సిలికోను కలియక తప్పదు గాని, అది మన యెరువుగుంట యెఱిగిన కాలములో జరుగు పని కాదు. కాల్చినచో అతిసూక్ష్మమైన తెల్లని పొడి మిగులును; ముంగిట రగులు చెత్తమంటలో అది సరిగా కాలక పొగయు క్రమ్మును. గనిధూళిని ఎఱిగిన మనము ఇంటిముందర మరియొక ధూళిని లేవదీయుట యేల? దానిని తిరిగి మూలపదార్థములుగా విడదీయు క్రొత్త మార్గమొకటి ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు 2025లో ప్రకటించిరి. అది మన వీధి తుక్కుబండిదాక రాలేదు.

తలకు రాచుకొను సీరములలోను, కొన్ని షాంపూలలోను సిలికోను జాతి ద్రవములు కలవు. వానిలో డి4, డి5 అనునవి నీటను చేరి చిరకాలము నిలుచునని యెంచి, ఐరోపా సమాఖ్యవారు కడిగివేయు అలంకారద్రవ్యములలో అవి నూటికి 0.1 వంతునకు తక్కువగా నుండవలెనని 2020 జనవరి 31నుండి కట్టడి చేసిరి. కావున సీసాపై చీటీ చదివి కొనుట మేలు.

ఇంతమాత్రమున సిలికోను దుష్టవస్తు వని నేననను. వేడికి కరగదు, త్రుప్పు పట్టదు, ఎండకు పెళుసెక్కి పొడిపొడి కాదు. ఏండ్లతరబడి వాడినచో దానికై కాలిన బొగ్గు సార్థకమగును. స్త్రీలు నెలసరియందు వాడు గిన్నెను చూడుడు. నెలకు పండ్రెండు గుడ్డదిండ్ల చొప్పున ఏడాదికి 144 పారవేయుదుము. శుభ్రముగా కాచి వాడుకొన్న సిలికోను గిన్నె ఒక్కటి పదేండ్లవఱకును పనికివచ్చును. కేరళలోని కుంబళంగి గ్రామమున వేలకొలది స్త్రీలకు వీనిని పంచి, 2022లో దానిని నాప్కిన్లు లేని గ్రామముగా ప్రకటించిరి. ఇది సిగ్గుపడి దాచవలసిన విషయము కాదు.

కుక్కరు రబ్బరును అట్టిదే. అది లేక పని జరుగదు, చెడినపుడు మార్చకున్న ప్రమాదము. కాని మూతల సంగతి వేఱు. గిన్నెపై పళ్లెము బోర్లించుట మన పెద్దలు నేర్పినదే. అట్లు త్రిప్పుటకు ఇనుప అట్లకాడ యుండగా రంగురంగుల దానికై చేయి చాచనేల? ఉక్కునకు బొగ్గు పట్టదా యని మీరడుగవచ్చును, పట్టును. అయినను పాత ఉక్కుగిన్నెను తుక్కువాడు తూచి, సొమ్మిచ్చి కొనిపోవును. అది కరగి మరల గిన్నె యగును. సిలికోనునకు ఆ పునర్జన్మము మన యూర లేదు.

కావున సోదరీమణులారా, కొనుటకు ముందు "ఇది దేనితో చేసినది" అని మాత్రమే గాక, "దీనిని ఎన్నేండ్లు వాడుదును, పిమ్మట ఎవ్వరు పుచ్చుకొందురు" అనియు అడుగుడు. చౌక యని చినుగునట్టివి ఆఱు కొనుటకంటె గట్టిది ఒకటి కొనుట, అదియు అక్కఱ యున్ననే కొనుట యుక్తము. కొన్నదానిని కాల్చకుడు, గుంటలో వేయకుడు.

ఆ చినిగిన మూతలు రెండింటిని నేను కడిగి, ముక్కలుగా కత్తిరించి, ఒకటి జారిపోవు మిక్సీ క్రిందను, ఒకటి బిగిసిన పచ్చడిసీసా మూత త్రిప్పుటకును ఉంచుకొన్నాను. తక్కిన నాలుగును ఇంకను నా గిన్నెలపై నున్నవి. అవి చినుగువఱకు క్రొత్తవి కొనబోను.